ముందు బరువు తగ్గాలా, ముందు అండాలు తీయాలా? పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒక కేసు

బరువు ఎక్కువున్నవాళ్లు ఐవీఎఫ్ కోసం వస్తే మా డాక్టర్ల నోట సాధారణంగా వచ్చే మాట ఒకటుంది: "పది కిలోలు తగ్గి రండి, అప్పుడు చూద్దాం." ఈ మాట కొందరికి మేలు చేస్తుంది, కొందరి కొంప ముంచుతుంది. ఎవరికి ఏదన్నది తూకం మిషన్ ఒక్కటే తేల్చదని ఈ కేసులో స్పష్టంగా కనిపించింది, అందుకే రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. పేరు, గుర్తుపట్టే వివరాలు మార్చాను. పద్మ అనుకుందాం.

వచ్చినప్పటి పరిస్థితి

పద్మకు 31 ఏళ్లు, పెళ్లయి ఏడేళ్లు. పర్లాకిమిడిలో ఉమ్మడి కుటుంబం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. భర్తకు హార్డ్‌వేర్ షాపు ఉంది. అక్కణ్ణుంచి బరంపురంలో ఉన్న మా క్లినిక్‌కి కాశీబుగ్గ మీదుగా రావాలంటే ఒడిశాలో బస్సెక్కి, శ్రీకాకుళం జిల్లాలో సాగి, ఇచ్ఛాపురం దాటాక మళ్లీ ఒడిశాలో పడాలి. మూడు గంటలు పైనే పడుతుంది. ఐవీఎఫ్‌లో రోజు విడిచి రోజు స్కాన్‌కి రావాల్సిన దశ ఉంటుంది కాబట్టి ఈ దూరాన్ని కూడా నేను కేసు షీట్లో రాసుకుంటాను.

ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 83 కిలోలు. ఎత్తుతో పోల్చి బరువును చెప్పే కొలత, బీఎంఐ, 35. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. తెల్లవాళ్లకు ఆ గీతలు 25, 30 దగ్గర ఉంటాయి. అదే బీఎంఐ దగ్గర మనకు పొట్ట కొవ్వు, సుగర్ ముప్పు ఎక్కువ కాబట్టి గీత కిందికి జరిగింది. పద్మ నడుము కొలత 102 సెంటీమీటర్లు. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, వెల్వెట్ గుడ్డలా ఉంది. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు. ఆమె మాత్రం మురికి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దుకునేదట, చర్మం కందిపోయింది కూడా.

నెలసరి 45 నుంచి 70 రోజులకోసారి. స్కాన్‌లో ఒక్కో అండాశయంలో 20కి పైగా చిన్న ఫాలికల్స్, అంటే అండాలు పెరిగే సంచులు. అండాల నిల్వ ఎంతుందో చెప్పే హార్మోన్, ఏఎంహెచ్, 6.8, అంటే నిల్వ బాగానే ఉంది. మూడు నెలల సగటు సుగర్, అంటే హెచ్‌బీఏ1సీ, 6.1. ఇది ఇంకా డయాబెటిస్ కాదుగానీ దాని గుమ్మంలో ఉన్నట్టే. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ 5.2, కాస్త ఎక్కువ. ట్యూబులు రెండూ తెరిచే ఉన్నాయి. మొత్తం మీద పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాలు సరిగా విడుదల కాని సమస్య), ప్రీడయాబెటిస్, కాస్త మందగించిన థైరాయిడ్.

భర్తకు 36 ఏళ్లు, 94 కిలోలు, ఖైనీ అలవాటు. వీర్యంలో కణాల సంఖ్య మిల్లీలీటరుకు 1.2 కోట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం కింది హద్దు 1.6 కోట్లు. కదలిక కూడా తక్కువే. మగవాళ్లలో కొవ్వు పెరిగితే టెస్టోస్టిరాన్‌లో కొంత ఆ కొవ్వులోనే ఈస్ట్రోజన్‌గా మారిపోతుంది, వీర్యకణాల తయారీ తగ్గుతుంది. అయినా ఆ ఇంట్లో ఆయన బరువు ఊసు ఎవరూ ఎత్తలేదు. మాటలన్నీ ఆమెకే. "అందరూ ఒళ్లు తగ్గించుకోమంటారు మేడమ్, ఎలాగో ఎవలూ చెప్పరు," అంది పద్మ.

పాత ఫైలు

అప్పటికే వేరే ఊళ్లో ఒకసారి ఐవీఎఫ్ చేయించుకుని ఉంది. డిశ్చార్జ్ కాగితం ప్రకారం రోజుకు 300 యూనిట్ల హార్మోన్ ఇంజక్షన్‌తో మొదలుపెట్టి 13 రోజులు ఇచ్చారు. తీసిన అండాలు 9. వాటిలో పక్వమైనవి 5, ఫలదీకరణ చెందినవి 4. మూడో రోజున రెండు పిండాలు లోపల పెట్టారు, మిగతా రెండూ ఎదగలేదు. ఫలితం నెగటివ్. కారణం అడిగితే "నీ ఒళ్లే కారణం" అన్నారట. ఆపైన ఫైలు నిండా సప్లిమెంట్లు: ఇనోసిటాల్, కోక్యూ10, డీహెచ్‌ఈఏ. అండాలు తక్కువున్నవాళ్లకు కొందరు రాసే డీహెచ్‌ఈఏ ఈమెకెందుకు రాశారో నాకర్థం కాలేదు. పీసీఓఎస్‌లో మగ హార్మోన్లు అసలే ఎక్కువుంటాయి, ఇది వాటినే ఇంకా పెంచుతుంది. ఆ రోజే ఆపించాను.

ఏఎంహెచ్ 6.8 ఉన్న మనిషికి అంత డోసు ఇచ్చినా 9 అండాలే రావడం, అందులో దాదాపు సగం పచ్చిగా ఉండటం ఆలోచించాల్సిన విషయం. ఒళ్లు ఎక్కువున్నప్పుడు మందు ఎక్కువ శరీరానికి పంచుకోవాలి, రక్తంలో దాని మోతాదు పలచబడుతుంది. అండాలను పక్వం చేసే ట్రిగ్గర్ ఇంజక్షన్‌కీ ఇదే ఇబ్బంది. కాబట్టి "నీ ఒళ్లే కారణం" అన్న మాటలో కొంత నిజం ఉంది. అయితే అలా చెప్పి ఇంటికి పంపడం వైద్యం కాదు.

బరువు అండం దగ్గర ఏం చేస్తుంది

అండం ద్రవం నిండిన ఫాలికల్ లోపల పెరుగుతుంది. ఊబకాయం ఉన్నవాళ్లలో ఆ ఫాలికల్ ద్రవంలో ఇన్సులిన్, ట్రైగ్లిజరైడ్లు, వాపు కలిగించే పదార్థాలు ఎక్కువగా కనిపిస్తాయి. అండం తన చుట్టూ ఉన్న ఆ కొవ్వును లోపలికి తీసుకుంటుంది. దాంతో శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటాయి, క్రోమోజోములను రెండు వైపులా పంచే స్పిండిల్ అనే కట్టడం కొన్ని అండాల్లో చెదురుతుంది. ఇన్సులిన్ పెరిగితే అండాశయం మగ హార్మోన్లు ఎక్కువ తయారుచేస్తుంది. ఆ హార్మోన్లను పట్టి ఉంచే, కాలేయం నుంచి వచ్చే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ తగ్గి, ఆ హార్మోన్లు రక్తంలో విడిగా తిరుగుతాయి. ఫాలికల్స్ మధ్యలోనే ఆగిపోతాయి.

పిండాల విషయంలో నాకు బాగా గుర్తుండిపోయింది 2015లో ఇంగ్లండ్‌లోని హల్‌లో చేసిన అధ్యయనం. బీఎంఐ 25 దాటిన స్త్రీల అండాలు సైజులో చిన్నవిగా ఉన్నాయి. ఫలదీకరణ తర్వాత అవి చివరిదాకా ఎదిగే అవకాశం తగ్గింది. ఎదిగినవి మామూలు కంటే త్వరగా బ్లాస్టోసిస్ట్ దశకు, అంటే ఐదారు రోజుల పిండం దశకు, చేరాయి, కానీ మాయగా మారాల్సిన బయటి పొరలో కణాలు తక్కువగా ఉన్నాయి. ఆ పిండాలు గ్లూకోజ్ తక్కువ వాడుకున్నాయి, వాటిలో కొవ్వు ఎక్కువుంది. ల్యాబ్‌లో త్వరగా ఎదిగిన పిండాన్ని చూసి మేమంతా సంబరపడతాం. అందుకే ఇది చదివినప్పుడు నాకు కొంచెం చురుక్కుమంది.

ఇక రెండో వైపు. క్రోమోజోముల సంఖ్యలో తప్పులు వయసుతో పాటు పెరుగుతాయన్నది తిరుగులేని నిజం. బరువుతో అలా పెరుగుతాయని మాత్రం జన్యు పరీక్ష చేసిన పిండాల మీద జరిగిన అధ్యయనాల్లో తేలలేదు. అయినా జన్యుపరంగా సరైన పిండం పెట్టినా ఊబకాయం ఉన్నవాళ్లలో గర్భస్రావాలు ఎక్కువని చూపిన అధ్యయనాలున్నాయి. అంటే దెబ్బ పిండానికే కాక గర్భసంచి పొరకీ తగులుతుండవచ్చు. దాత అండాలతో గర్భం దాల్చినవాళ్లలో అండం వేరొకరిది, గర్భసంచి తమది కాబట్టి ఇది తేలాలి, కానీ వాళ్ల మీద జరిగిన అధ్యయనాలు ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు.

ఆగాలా, వద్దా

బరువు హాని చేస్తుందనుకుంటే, తగ్గాక ఐవీఎఫ్ చేస్తే పిల్లలు ఎక్కువ పుట్టాలి కదా. ఇక్కడే లెక్క తిరగబడింది. నెదర్లాండ్స్‌లో బీఎంఐ 29 దాటిన 577 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును ఆరు నెలలు జీవనశైలి మార్పులో ఉంచి ఆ తర్వాత చికిత్స ఇచ్చారు, రెండో గుంపుకు వెంటనే మొదలుపెట్టారు. 2016లో ఫలితాలు వచ్చాయి. నెలలు నిండి, మామూలు కాన్పులో, ఆరోగ్యంగా ఒక్క బిడ్డ పుట్టడం వాళ్ల లెక్కకు గీటురాయి. ముందు బరువు తగ్గినవాళ్లలో అది 27.1 శాతం, వెంటనే చికిత్స పొందినవాళ్లలో 35.2 శాతం. సగటున తగ్గింది 4.4 కిలోలే. అయితే ఆ గుంపులో ఏ చికిత్సా లేకుండా సహజంగా గర్భం దాల్చినవాళ్లు ఎక్కువ. 2017లో స్వీడన్ వాళ్లు ద్రవాహారంతో 9 కిలోలకు పైగా తగ్గించి, ఆ వెంటనే ఐవీఎఫ్ చేశారు. పిల్లలు పుట్టిన శాతం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే: 29.6, 27.5.

ఈ లెక్కలు చూసి కొందరు బరువు సంగతే వదిలేయమంటారు. నేను అంత దూరం వెళ్లను. ఈ అధ్యయనాలు కొలిచింది ఐవీఎఫ్ ఫలితాన్ని. పద్మకు మత్తు ఇవ్వాలి, వెల్లకిలా పడుకుంటే బరువున్నవాళ్లకు ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది. గర్భం వస్తే బీపీ, సుగర్ రావచ్చు. ఆమె హెచ్‌బీఏ1సీ ఇప్పటికే 6.1. ఆమెకు అనుకూలంగా ఉన్నవి వయసు, ఏఎంహెచ్. 31 ఏళ్ల మనిషి నాలుగైదు నెలలు ఆగితే అండాల విషయంలో పోయేదేమీ లేదు. అండం చివరి దశ ఎదుగుదలకు సుమారు మూడు నెలలు పడుతుంది, వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు. ఈలోపు చేసిన మార్పు తర్వాత తీసే అండానికి, వీర్యానికి అందే వీలుంది. అందుకని ఆగుదామన్నాను, కానీ కిలోల మీద కాకుండా తేదీ మీద ఒప్పందం పెట్టుకున్నాం: ఐదో నెలలో ఎంత తగ్గినా, తగ్గకపోయినా ఇంజక్షన్లు మొదలు. గడువు లేకుండా "తగ్గి రండి" అంటే చాలామంది తిరిగి రారు, లేదా మూడేళ్ల తర్వాత వస్తారు.

రాత్రి భోజనం

ఏం తింటుందో వారం రోజులు రాయమన్నాను. పొద్దున్న పంచదార టీతో మరమరాలు, తర్వాత ఉప్మా. మధ్యాహ్నం అన్నం. ఎండాకాలం కావడంతో చద్దన్నం, దాంతో పాటు వేపుళ్లు, వడియాలు, అప్పడాలు. సాయంత్రం మళ్లీ టీ. రాత్రి భర్త షాపు మూసి వచ్చేసరికి పదిన్నర, ఇద్దరూ కలిసి తింటారు, పదకొండుకి నిద్ర. సాయంత్రం ఆరు నుంచి పదిన్నర దాకా ఆకలికి వంటింట్లో బిస్కెట్లు, మిక్చరు, మిగిలిన గారె ఏదో ఒకటి నోట్లో పడుతూనే ఉంటుంది. ఆమె దీన్ని తిండిగా లెక్కే వేయలేదు. నిజానికి అదే ఇంకో భోజనం.

ఏడున్నరకే ఆమె భోజనం చేసేయాలని రాసిచ్చాను. అత్తగారు కూడా వచ్చారు ఆ రోజు. "మొగుడు రాకముందే తినీయడమేటి డాక్టరమ్మా? ఊళ్లో ఎవలైనా వింటే ఏటనుకుంటారు?" అన్నారు. మందుల చీటీ మీదే "రాత్రి 7.30: భోజనం" అని మాత్రల వరసలో రాసి, ఇన్సులిన్ సరిగా పనిచేసేందుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర దాంతో పాటు వేసుకోవాలన్నాను. మందు కోసమంటే ఆవిడకు అభ్యంతరం లేకపోయింది. మెట్‌ఫార్మిన్ భోజనంతో వేసుకోవాలన్నది అబద్ధం కాదు, పొట్టలో తిప్పడం తగ్గుతుంది.

మిగతా మార్పులు మామూలే. అన్నం సగం, పప్పు, గుడ్లు, ఆకుకూరలు రెట్టింపు. టీలో పంచదార మానేయడం. చద్దన్నం మానమనలేదు, వేపుళ్లు మానమన్నాను. రోజు మొత్తం మీద 500 క్యాలరీలు తగ్గేలా చూశాం. వీధిలో నడిస్తే ప్రతి గుమ్మంలోనూ "ఎక్కడికి?" అన్న ప్రశ్న, అందుకని డాబా మీద ఉదయం నలభై నిమిషాలు నడిచింది. థైరాయిడ్‌కి థైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టాను, బీఎంఐ 30 దాటింది కాబట్టి ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు. భర్త ఖైనీ పూర్తిగా మానలేదుగానీ బాగా తగ్గించాడు. ఆయనా అయిదు కిలోలు తగ్గాడు.

ఐదో నెలకి పద్మ 75.5 కిలోలు, బీఎంఐ 31.8. ఇంకా ఊబకాయమే. కానీ నెలసరి 35 రోజులకు వచ్చింది, హెచ్‌బీఏ1సీ 5.6, టీఎస్‌హెచ్ 2.1. నేను చూసింది ఈ మూడింటినే.

రెండోసారి

అండాలు ముందే విడుదల కాకుండా ఆపే మందుతో చేసే యాంటాగనిస్ట్ పద్ధతి, రోజుకు 225 యూనిట్లు, 11 రోజులు. పర్లాకిమిడిలో తెలిసిన నర్సు ఇంటికొచ్చి ఇంజక్షన్లు చేసేది. ఇంజక్షన్లు ఐస్ పెట్టెలో బస్సులో వెళ్లాయి. ఆరో రోజు నుంచి మాత్రం బరంపురంలో పిన్నిగారింట్లో ఉంది. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరే ప్రమాదం ఎక్కువ కాబట్టి ట్రిగ్గర్‌గా మామూలుగా ఇచ్చే హెచ్‌సీజీ బదులు ఆ ప్రమాదం తక్కువుండే అగోనిస్ట్ ఇంజక్షన్ వాడి, పిండాలన్నీ ఫ్రీజ్ చేద్దామని ముందే నిర్ణయించాం.

అండాలు 16, పక్వమైనవి 12. వీర్యం కౌంట్ 1.7 కోట్లకు పెరిగినా ఇక్సీయే (ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో పెట్టడం) చేశాం. ఫలదీకరణ చెందినవి 9. ఐదో రోజున, ఆరో రోజున కలిపి నాలుగు బ్లాస్టోసిస్టులు ఫ్రీజ్ అయ్యాయి: 4ఏబీ, 4బీబీ, 3బీబీ, 3బీసీ. ఇందులో అంకె పిండం ఎంత విచ్చుకుందో చెబుతుంది, మొదటి అక్షరం బిడ్డగా మారే లోపలి కణాల గుంపుకి, రెండోది మాయగా మారే బయటి పొరకి. బయటి పొరకి ఒక్క ఏ కూడా రాలేదన్నది చూడండి. హల్ అధ్యయనం గుర్తొచ్చింది. నాలుగు పిండాలతో నిర్ధారణకు రావడం కుదరదు, గుర్తు రావడం వరకే.

ముందు 4ఏబీ పెట్టాం. రక్తపరీక్ష పాజిటివ్. ఏడో వారంలో బ్లీడింగ్ మొదలై ఇంట్లోనే గర్భం పోయింది. పరీక్షకు పంపడానికి ఏమీ దొరకలేదు, కాబట్టి కారణం క్రోమోజోములా, మరొకటా అన్నది ఎప్పటికీ తెలియదు. పద్మ తిండి మీద పట్టు వదిలేసింది. నడక ఆగిపోయింది. మూడు నెలల తర్వాత వచ్చేసరికి 78.5 కిలోలు. "మళ్లీ మొదటికొచ్చాను మేడమ్" అంది. సుగర్ చూస్తే 5.7, పెద్ద తేడా లేదు. పిండాలు ఎప్పుడో తయారై ఫ్రీజర్లో ఉన్నాయి, ఆమె పెరిగిన మూడు కిలోలు వాటిని అంటవు. అందుకని మళ్లీ ఆపలేదు. 4బీబీ పెట్టాం. అదే నిలిచింది.

పన్నెండో వారం నుంచి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చాం. మొదటి కాన్పు, ఐవీఎఫ్, బరువు మూడూ కలిస్తే బీపీ వచ్చే ప్రమాదం ఎక్కువ. 26వ వారంలో గర్భిణి సుగర్ బయటపడింది, తిండితో కొన్నాళ్లు, తర్వాత కొద్దిగా ఇన్సులిన్‌తో అదుపులో ఉంది. 38 వారాలు నిండాక సిజేరియన్. ఆడపిల్ల, 2.9 కిలోలు.

ఈ కేసు ఏం చెప్పదు

మొదటిసారి రెండు పిండాలు, రెండోసారి నాలుగు బ్లాస్టోసిస్టులు. "బరువు తగ్గింది, పిండాల నాణ్యత పెరిగింది" అని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోవచ్చు. నేను చెప్పను. ఇంజక్షన్ డోసు మారింది, పద్ధతి మారింది, ట్రిగ్గర్ మారింది, ల్యాబ్ మారింది, భర్త వీర్యం మెరుగైంది, థైరాయిడ్ సరయింది. వీటిలో ఏది ఎంత పనిచేసిందో ఒక్క మనిషి మీద విడదీయలేం. పైగా ఆమె తేలిగ్గా ఉన్నప్పుడు పెట్టిన మంచి గ్రేడు పిండం పోయింది, బరువు పెరిగాక పెట్టిన తక్కువ గ్రేడుది బిడ్డయింది. నిస్సందేహంగా చెప్పగలిగేది, మత్తు డాక్టర్ ఈసారి ఇబ్బంది పడలేదని, గర్భానికి ముందు సుగర్ అదుపులో ఉందని.

తోటికోడలు

పాప ఆరో నెలలో పద్మ టీకాలకు వచ్చినప్పుడు వెంట తోటికోడల్ని తీసుకొచ్చింది. 39 ఏళ్లు, పన్నెండేళ్ల కూతురుంది, రెండో బిడ్డ కావాలి. బీఎంఐ 33. అత్తగారు ఇప్పుడు నిపుణురాలు: "ముందు దీన్నీ ఏడున్నరకి తినీమనండి, అయిదు నెలలాగి సూద్దాం." ఏఎంహెచ్ 0.8 వచ్చింది, అంటే అండాల నిల్వ తక్కువ.

ఈమెకు ఆగొద్దన్నాను. 39 దగ్గర అయిదు నెలలంటే అండాల్లో క్రోమోజోమ్ తప్పుల పరంగా ఖరీదైన కాలం, ఎనిమిది కిలోలు తగ్గి సంపాదించేది దాన్ని పూడ్చదు. మా ఒప్పందం తలకిందులైంది: ముందు అండాలు తీసి పిండాలు ఫ్రీజ్ చేద్దాం, బరువు సంగతి తర్వాత. రెండుసార్లు తీశాక మూడు బ్లాస్టోసిస్టులు దాచాం. చట్టం ప్రకారం పదేళ్ల వరకు దాచుకోవచ్చు కాబట్టి ఇప్పుడు తొందరలేదు, ఆమె బీపీ, సుగర్ సరిచేసుకోవడానికి టైముంది. టీవీలో చూసి, బరువు తగ్గించే ఇంజక్షన్ సెమాగ్లుటైడ్ గురించి అడిగింది. వాడొచ్చు, కానీ వాడినంత కాలం గర్భం రాకుండా చూసుకోవాలి, పిండం పెట్టడానికి కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి. ఇంజక్షన్ ఖర్చు విని, ముందు డాబా మీద నడిచి చూస్తానంది. పద్మ కూడా మళ్లీ మొదలుపెట్టింది. ఆమెవి ఇంకా రెండు పిండాలు మా దగ్గర ఉన్నాయి. కాన్పు తర్వాత చేసిన సుగర్ పరీక్ష మామూలుగా వచ్చింది, ఏటా ఒకసారి చేయించుకోమన్నాను. సిజేరియన్ కుట్టు పూర్తిగా గట్టిపడాలి కాబట్టి కాన్పయి ఏడాదిన్నర దాటాకే మూడో పిండం సంగతి మాట్లాడదామన్నాను.